తళతళలాడే డిజైరా, గీతలు పడ్డ వ్యాగన్ ఆరా?

ప్రశ్న: నమస్కారమండీ. మాది జంగారెడ్డిగూడెం దగ్గర ఒక పల్లె. ప్రభుత్వ పాఠశాలలో ఉపాధ్యాయుడిగా పనిచేస్తున్నాను. నాన్నగారికి గుండె ఆపరేషన్ అయ్యాక నెలకోసారి విజయవాడలో డాక్టరుకి చూపించాల్సి వస్తోంది. అమ్మకి మోకాళ్ల నొప్పులు, బస్సు మెట్లు ఎక్కలేదు. ప్రతిసారీ అద్దె కారు మాట్లాడుకోవడం భారమై సెకండ్ హ్యాండ్ కారు కొందామనుకుంటున్నాను. చేతిలో మూడున్నర లక్షలు ఉన్నాయి. నెలకి ఐదారు వందల కిలోమీటర్లకు మించి తిరగం.

రెండు బండ్లు చూశాను. మొదటిది విజయవాడలో ఒక కార్ల కన్సల్టెన్సీలో ఉన్న 2013 స్విఫ్ట్ డిజైర్ డీజిల్. ఏపీ 28 నంబరు. మీటరు మీద 78 వేలు. సింగిల్ ఓనర్, డాక్టరు గారి బండి అన్నారు. కొత్త కారులా తళతళలాడుతోంది. 3.60 లక్షలు చెబుతున్నారు. రెండోది ఏలూరులో రిటైరైన బ్యాంకు ఉద్యోగి వాడుతున్న 2016 వ్యాగన్ ఆర్ వీఎక్స్ఐ పెట్రోలు. ఏపీ 37 నంబరు, 61 వేల కిలోమీటర్లు, ఆయన సెకండ్ ఓనర్. ఒంటి నిండా గీతలు, టైర్లు పాతవి, క్లచ్ గట్టిగా ఉంది. 3.10 లక్షలు అడుగుతున్నారు.

మా బావమరిది డిజైర్ తీసుకోమంటున్నాడు, తక్కువైతే పర్సనల్ లోన్ పెడదామంటున్నాడు. ఏపీ నంబరే కాబట్టి పేరు మార్చుకోవడం సులువంటున్నాడు. బ్రోకరు రేపు సాయంత్రంలోగా ఇరవై వేలు టోకెన్ కట్టమంటున్నాడు. నాకు కార్ల గురించి ఏమీ తెలియదు. ఏది కొనాలి? ఏం చూసుకోవాలి? కొన్నాక షోరూములో సర్వీసు చేయించాలా, బయట మెకానిక్ దగ్గరా? ఇప్పుడొస్తున్న ఇథనాల్ పెట్రోలుతో పాత బండి పాడవుతుందంటున్నారు, నిజమేనా? చాలా టెన్షన్‌గా ఉంది.

జవాబు: మాస్టారూ, ముందు ఆ ఇరవై వేలు కట్టకండి. మిగతావన్నీ తర్వాత. వేరే పార్టీ వస్తున్నారు, రేపటికి బండి ఉండదు అనే మాట కొనడానికి వచ్చిన ప్రతివారికీ చెప్పేదే. ఆ వయసు డిజైర్లకు మన దగ్గర కొరత లేదు. ఇది పోతే వచ్చే వారం ఇంకోటి కనిపిస్తుంది. టోకెన్ ఇచ్చాక బండిలో లోపం బయటపడితే దాన్ని వెనక్కి రాబట్టుకోవడానికి మీరు బడికి సెలవు పెట్టి మరీ తిరగాలి.

నా అభిప్రాయం సూటిగా చెబుతాను. మీ అవసరానికి తగింది వ్యాగన్ ఆర్. అది కూడా తనిఖీలో నెగ్గితేనే కొనాలి, నెగ్గకపోతే ఇంకో పెట్రోలు బండి వెతుక్కోవాలి. డిజైర్ చెడ్డ కారు కాదు. అందులో ఉన్న 1.3 లీటర్ల డీజిల్ ఇంజన్ ఫియట్ వాళ్లది. స్విఫ్ట్, రిట్జ్, ఇండికా విస్టా లాంటి ఎన్నో కార్లలో పెట్టారు, మన మెకానిక్‌లందరికీ చేతులు తిరిగిన ఇంజన్. మారుతి 2020 ఏప్రిల్‌లో డీజిల్ కార్లు ఆపేసినా దాని పార్ట్స్ దొరుకుతూనే ఉన్నాయి. బాగా చూసుకున్న బండైతే లక్షల కిలోమీటర్లు లాగుతుంది. కానీ అది రోజూ దూరాలు తిరిగేవాళ్ల కోసం చేసిన బండి, మీరు నెలకి ఐదు వందలు తిరిగేవాళ్లు.

లెక్క వేసి చూడండి. పెట్రోలు లీటరు సుమారు 110, డీజిల్ సుమారు 97 అనుకుందాం. వ్యాగన్ ఆర్ ఊళ్లోనూ హైవేలోనూ కలిపి లీటరుకి 16 ఇచ్చినా నెలకి 500 కిలోమీటర్లకు 31 లీటర్లు, అంటే 3,400 రూపాయలు. డిజైర్ 20 ఇస్తే 25 లీటర్లు, 2,400 రూపాయలు. తేడా నెలకి వెయ్యి, ఏడాదికి పన్నెండు వేలు. పన్నెండేళ్లు దాటిన డీజిల్ బండిలో టర్బో పోయినా, ఇంజెక్టర్లు మార్చాల్సి వచ్చినా ఒక్క దెబ్బకి రెండు మూడేళ్ల ఆదా తుడిచిపెట్టుకుపోతుంది. దానికి పర్సనల్ లోన్ వడ్డీ కూడా కలిపితే ఇక ఆదా మాటే లేదు. మీ బావమరిది గారు మంచి కోరే చెప్పి ఉంటారు, కానీ ఈ లెక్క ఆయనకి కూడా ఒకసారి చూపించండి.

డిజైర్ గురించి నాకు అనుమానం వచ్చింది దాని మీటరు దగ్గర. డీజిల్ బండికి కొత్తగా కొనేటప్పుడే లక్ష రూపాయల దాకా ఎక్కువ పెట్టేవారు. అంత పెట్టి కొన్న మనిషి ఏడాదికి ఆరు వేలే తిరిగాడంటే నమ్మడం కష్టం. అసాధ్యమని అనను, రుజువు మాత్రం కావాలి. మీటరు వెనక్కి తిప్పడం ఇప్పుడు చిన్న పని, ల్యాప్‌టాప్ తగిలించి కాసేపట్లో చేసేస్తారు. మీటరుని తిప్పగలరు కానీ క్లచ్ పెడల్ మీద అరిగిన రబ్బరుని, నునుపు తేలిన స్టీరింగ్‌ని, డ్రైవరు సీటులో ఒక పక్కకి కూలిపోయిన స్పాంజిని దాచలేరు. అవన్నీ కొత్తగా మార్చేసి ఉంటే అది ఇంకా పెద్ద అనుమానం, 78 వేలకే స్టీరింగ్ కవరు, పెడల్ రబ్బర్లు ఎందుకు మార్చాల్సి వచ్చిందని అడగండి. ఇంకో సంగతి, డిజైర్లు ట్యాక్సీలుగా తిరిగినన్ని వేరే కార్లు తిరగలేదేమో. పసుపు బోర్డుని తెల్ల బోర్డుగా మార్చి అమ్మే బండ్లు ఉంటాయి. తొలిసారి రిజిస్టరైనప్పుడు సొంత వాహనమా, రవాణా వాహనమా అన్నది ఆర్టీఓ రికార్డులో తెలుస్తుంది.

నంబరు గురించి మీ ఇంట్లో అనుకుంటున్నది పొరపాటు. ఏపీ అని ఉన్నంత మాత్రాన అది ఆంధ్రప్రదేశ్ బండి కాదు. ఏపీ 28 రంగారెడ్డి జిల్లాది. 2014 జూన్‌లో రాష్ట్రం విడిపోక ముందు హైదరాబాదులో రిజిస్టరైన కార్లన్నీ ఏపీ 9 నుంచి 13 దాకా, రంగారెడ్డివి 28, 29, వరంగల్‌వి 36, ఖమ్మంవి 20. ఆ తర్వాత వచ్చినవి టీఎస్, 2024 మార్చి నుంచి టీజీ అయ్యాయి కానీ పాత బండ్లు పాత నంబర్లతోనే తిరుగుతున్నాయి. వాటి కాగితాలు తెలంగాణ రవాణా శాఖ దగ్గర ఉంటాయి. అంటే ఆ డిజైర్‌ని మీ పేరు మీదికి తెచ్చుకోవడం పక్క జిల్లా బండి కొన్నట్టు ఉండదు, వేరే రాష్ట్రం బండి కొన్నట్టే. అక్కడి ఆర్టీఓ నుంచి ఫారం 28 మీద ఎన్‌ఓసీ, అంటే అభ్యంతరం లేదన్న పత్రం రావాలి, చలాన్లు ఏమైనా ఉంటే తీరాలి, ఇక్కడ మళ్లీ రిజిస్ట్రేషన్ జరగాలి. ఒక రాష్ట్రం బండిని ఇంకో రాష్ట్రంలో పన్నెండు నెలలకు మించి ఉంచుకుంటే అక్కడి నంబరు తీసుకోవాలని మోటారు వాహనాల చట్టం చెబుతోంది. లైఫ్ ట్యాక్స్ ఎంత కట్టాల్సి వస్తుందో బ్రోకరు నోటి మాట మీద వదలకుండా ఆర్టీఓ ఆఫీసులో అడిగి కాగితం మీద రాసుకోవాలి. మీరు చూసిన వ్యాగన్ ఆర్ ఏపీ 37, అంటే పశ్చిమ గోదావరి నంబరు. ఈ తలనొప్పి దానికి లేదు.

విజయవాడ కన్సల్టెన్సీలో ఏ బండి చూసినా అడగాల్సిన ప్రశ్న ఇంకోటి ఉంది. 2024 సెప్టెంబరు మొదట్లో బుడమేరు పొంగి సింగ్ నగర్ వైపు రోజుల తరబడి నీళ్లు నిలిచాయి. వేలాది బండ్లు మునిగాయి. వాటిలో కొన్ని ఇన్సూరెన్స్ కంపెనీల చేతుల్లోంచి వేలానికి వెళ్లి, శుభ్రమై, మళ్లీ అమ్మకానికి వస్తాయి. హైదరాబాదులో 2020 అక్టోబరు వరదల తర్వాత కూడా అంతే. మునిగిన బండి కొన్నాళ్లు బాగానే నడుస్తుంది. తర్వాత ఒక్కో వైరూ, ఒక్కో సెన్సారూ తుప్పు పట్టి మొరాయిస్తాయి, ఏ మెకానిక్కూ పూర్తిగా బాగుచేయలేడు. కనిపెట్టడం మాత్రం మీ చేతిలో పనే. సీటుబెల్టుని చివరిదాకా లాగి చూడండి, ఎంత కడిగినా లోపల చుట్టుకుని ఉన్న చివరి మూరలో బురద మరక ఉండిపోతుంది. ముందు సీట్ల కింద పట్టాలు, స్క్రూలు తుప్పు పట్టాయేమో టార్చి వేసి చూడండి. డిక్కీలో స్టెప్నీ తీసి ఆ గుంత అడుగున ఒండ్రు ఉందేమో చూడండి. మ్యాట్ ఎత్తి వాసన చూడండి. కారులో ఘాటైన సెంటు కొట్టి ఉంటే ఎందుకు కొట్టారో అడగండి.

ఇక వ్యాగన్ ఆర్ దగ్గరికి వద్దాం. గీతలు చూసి మీరు వెనకాడుతున్నట్టు ఉంది. నాకైతే ఆ గీతలు ధైర్యం ఇస్తున్నాయి. ఒంటి మీద గీతలున్న బండికి అమ్మకానికి ముందు రంగు వేయించలేదని అర్థం, దానికి ఏం జరిగిందో పైకే కనిపిస్తుంది. రంగు కింద ఏముందో తెలియని బండి దగ్గరే భయపడాలి. మీరు కొంటున్నది నిజానికి ఆ కారుని ఇన్నేళ్లు వాడిన మనిషి అలవాట్లని. అవి బాగుంటే గీతలు పట్టించుకోనక్కర్లేదు.

పొద్దున్నే వెళ్లండి. ముందురోజే ఫోన్ చేసి, మీరు వచ్చేదాకా బండి స్టార్ట్ చేయవద్దని ఆయన్ని మర్యాదగా అడగండి. చల్లారిన ఇంజనే నిజం చెబుతుంది, వేడెక్కిన ఇంజన్ చాలా లోపాలు దాచేస్తుంది. బానెట్ మీద చెయ్యి పెట్టి చల్లగా ఉందని చూసుకున్నాక డిప్‌స్టిక్ తీసి తెల్ల గుడ్డకి తుడవండి. ఆయిలు నల్లగా ఉండటం తప్పు కాదు, తారులా చిక్కగా ఉంటే సర్వీసు సరిగా చేయించలేదని అర్థం. ఆయిల్ పోసే మూత తీసి కింది వైపు చూడండి. మజ్జిగలా తెల్లటి నురగ ఉంటే ఇంజన్‌లోకి కూలెంట్ నీళ్లు దిగుతున్నాయేమోనని అనుమానించి అక్కడితో ఆగిపోవచ్చు. కూలెంట్ డబ్బాలో రంగు నీళ్లు ఉండాలి. తుప్పు రంగు నీళ్లు కనిపిస్తే బోరు నీళ్లు పోసి నడిపారని అర్థం, అలాంటి బండిలో రేడియేటరు సంగతి చూడాల్సిందే.

తాళం తిప్పి స్టార్ట్ చేయకుండా ఒక్క క్షణం ఆగండి. ఎదురుగా ఎర్ర, పసుపు లైట్లన్నీ వెలగాలి, స్టార్ట్ అయ్యాక ఆరిపోవాలి. ఇంజన్ గుర్తున్న పసుపు లైటు అసలు వెలగకపోతే సంతోషించకండి, లోపం కనిపించకుండా దాన్ని తీసేసి ఉంటారు. స్టార్ట్ చేసేటప్పుడు మీ వెంట వచ్చినవాళ్లని సైలెన్సరు దగ్గర నిలబెట్టండి. చలికాలం పొద్దున కాస్త తెల్లటి ఆవిరి రావడం మామూలే. నీలం రంగు పొగ వస్తే ఇంజన్ ఆయిలు తాగుతోందని అర్థం, దాన్నే మన షెడ్లలో బోరుకొచ్చిందంటారు. అలాంటిది ఎంత తక్కువకి ఇచ్చినా వద్దు. వేడెక్కాక కూడా తెల్ల పొగ ఆగకుండా వస్తుంటే హెడ్ గాస్కెట్, అంటే ఇంజన్ లోపల కూలెంట్ కారకుండా ఆపే సీలు పోయిందని అనుమానం.

యాక్సిడెంట్ సంగతి చూడటానికి పెద్ద చదువు అక్కర్లేదు. బానెట్ ఎత్తి దాని కీళ్ల బోల్టులు, ముందు ఫెండర్ల బోల్టులు చూడండి. కంపెనీలో బోల్టు మీద కూడా రంగు పడుతుంది. పానా పెట్టి విప్పితే ఆ రంగు లేచిపోతుంది. ఫెండర్ ఒక్కటే మార్చారంటే గేదో ఆటోనో రాసుకుని ఉండొచ్చు, అది పట్టించుకోవద్దు. లోపల సస్పెన్షన్ కూర్చునే గట్టి రేకు భాగాన్ని మెకానిక్‌లు ఏప్రాన్ అంటారు. దాని మీద సుత్తి దెబ్బలు, కొత్త వెల్డింగ్, పక్కదానితో కలవని సీలెంట్ కనిపిస్తే పెద్ద దెబ్బ తిన్న బండి. తలుపు తీసి రబ్బరు లాగి పిల్లర్ అంచున కంపెనీ వేసిన గుండ్రటి వెల్డింగ్ చుక్కలు వరసగా ఉన్నాయో లేదో చూడండి. నాలుగు తలుపుల అద్దాల మీద తయారీ గుర్తులు ఉంటాయి, ఒక్కటే వేరేగా ఉంటే ఆ వైపు ఏం జరిగిందో అడగండి.

టైర్ల మీద నాలుగు అంకెలు ఉంటాయి. 2319 అంటే 2019లో 23వ వారం తయారైందని. ఆరేళ్లు దాటిన టైరుకి గాడి లోతుగా ఉన్నా నమ్మకం లేదు, రబ్బరు ఎండిపోయి ఉంటుంది. మీరు నాన్నగారితో హైవే మీద వెళ్లేవారు కాబట్టి నాలుగూ కొత్తవి వేయించడం ఖాయం చేసుకోండి. ఈ సైజు టైర్లు నాలుగూ కలిపి సుమారు పదిహేను, పదహారు వేలు అవుతాయి.

నడిపేటప్పుడు ఏసీ వేసి, అద్దాలు ఎక్కించి, రేడియో ఆపి నడపండి. స్పీడు బ్రేకరు మీద నెమ్మదిగా దింపితే ముందు వైపు టకటక శబ్దం వస్తే లింక్ రాడ్లో, బుష్‌లో అరిగినట్టు. అది చిన్న ఖర్చే, బేరంలో వాడుకోండి. ఖాళీ తిన్నని రోడ్డు మీద స్టీరింగ్‌ని వదులుగా పట్టుకుంటే బండి ఒక పక్కకి లాగుతుందేమో చూడండి. అలైన్‌మెంట్ చేయించినా లాగుతోందంటే లోపల ఏదో వంకర ఉంది. మీరు చెప్పిన గట్టి క్లచ్ గురించి నాకు పెద్ద దిగులు లేదు. అరవై వేల దగ్గర క్లచ్ మార్చాల్సి రావడం పెట్రోలు మారుతికి సహజమే. సెట్టుకి, కూలికి కలిపి పది వేల లోపు తేలుతుంది. మూడో గేరులో నడుస్తూ ఎత్తు ఎక్కేటప్పుడు యాక్సిలరేటరు నొక్కితే ఇంజన్ శబ్దం పెరిగి బండి వేగం పెరగకపోతే క్లచ్ ప్లేటు అయిపోయిందని నిర్ధారణ.

ఇవన్నీ మీరు చూసుకున్నాక కూడా ఒక మెకానిక్‌ని వెంటబెట్టుకునే కొనండి. బ్రోకరు చెప్పిన మెకానిక్ వద్దు, అమ్మే ఆయన మెకానిక్ కూడా వద్దు. మీ ఊళ్లో మారుతి బండ్లు చేసేవారిని ఒక పూట కూలి ఇచ్చి, దారి ఖర్చులు పెట్టి ఏలూరు తీసుకెళ్లండి. బండి కంప్యూటర్‌లో లోపాలు చదివే స్కానరు ఉన్నవారైతే ఇంకా మంచిది. తర్వాత ఓనరు గారిని వెంటబెట్టుకుని ఏలూరులో మారుతి సర్వీస్ సెంటరుకి వెళ్లండి. బండి నంబరు కొడితే ఏ తేదీన, ఎన్ని కిలోమీటర్ల దగ్గర, ఏం పని చేశారో కంప్యూటర్లో కనిపిస్తుంది. ప్రతి ఏడాదీ మీటరు క్రమంగా పెరుగుతూ 61 వేలకి వచ్చిందంటే ఆ మీటరు నిజం. రిటైరైన ఉద్యోగి కాబట్టి బిల్లులన్నీ ఒక ఫైలులో పెట్టుకుని ఉండే అవకాశం ఎక్కువ, అడిగి చూడండి. అలాంటి ఫైలు చూపిస్తే పది వేలు ఎక్కువ ఇచ్చినా నష్టం లేదు. డిజైర్ మీద ఇంకా మనసుంటే ఇదే పరీక్ష దానికీ పెట్టండి. సర్వీసు రికార్డు చూపించమంటే కన్సల్టెన్సీ వాళ్లు ఏమంటారో దాన్నిబట్టి మీకే తెలిసిపోతుంది.

వ్యాగన్ ఆర్‌తో ఒక లోటు ఉంది, చెప్పకుండా ఉండలేను. డ్రైవరుకి ఎయిర్‌బ్యాగ్ తప్పనిసరి అయింది 2019 జులై నుంచి. 2016 వ్యాగన్ ఆర్‌లలో ఎయిర్‌బ్యాగులు, గట్టిగా బ్రేకు వేసినా చక్రాలు బిగుసుకుపోకుండా చూసే ఏబీఎస్ అన్నిటికీ రాలేదు. మీరు చూసిన బండిలో ఉన్నాయో లేవో స్టీరింగ్ మీద ఎయిర్‌బ్యాగ్ గుర్తు చూసి, ఆర్‌సీలోని వేరియంట్‌తో సరిచూసి తెలుసుకోండి. లేకపోతే మీరు హైవే మీద ఎనభై దాటకుండా, వెనక కూర్చున్న అమ్మగారితో సహా అందరూ బెల్టు పెట్టుకుని వెళ్లాలి. ఇదే డబ్బుకి ఎయిర్‌బ్యాగులు, ఏబీఎస్ ఉన్న వ్యాగన్ ఆర్ గానీ, సెలెరియో గానీ, ఐ10 కుటుంబంలోది గానీ దొరికితే ఒక వారం ఆగి చూడటంలో తప్పు లేదు. అయితే అమ్మగారి మోకాళ్ల దృష్ట్యా ఎత్తు సీటున్న వ్యాగన్ ఆర్‌కి సాటి రావడం కష్టం. డిజైర్లో సీటు కిందికి ఉంటుంది, దిగేటప్పుడు మోకాలి మీద బరువంతా పడుతుంది. కొనే ముందు అమ్మగారిని ఒకసారి ఎక్కించి దించి చూడండి. తక్కువ ధరకి వస్తున్నాయని షెవర్లే, ఫోర్డ్, డాట్సన్ లాంటి మన దేశంలో అమ్మకాలు ఆపేసిన కంపెనీల వైపు మాత్రం వెళ్లకండి. జంగారెడ్డిగూడెంలో ఒక చిన్న పార్టు కోసం రోజుల తరబడి ఎదురుచూడాల్సి వస్తుంది.

కాగితాల దగ్గర తొందర వద్దు. ఆర్‌సీ మీద ఉన్న పేరు, మీకు అమ్ముతున్న మనిషి ఆధార్ మీద పేరు ఒక్కటై ఉండాలి. కన్సల్టెన్సీల్లో పాత ఓనరు సంతకాలు పెట్టిన ఖాళీ ఫారాలు దగ్గర పెట్టుకుని అమ్ముతుంటారు. ఆ ఓనరు ఎక్కడున్నాడో, సంతకం ఆయనదేనో మీకు తెలిసే దారి ఉండదు. ఛాసిస్ నంబరు, ఇంజన్ నంబరు బండి మీద ఉన్నవి ఆర్‌సీతో అంకె అంకెకీ సరిచూడండి. ఎం-పరివాహన్ యాప్‌లో నంబరు కొట్టి రిజిస్ట్రేషన్ తేదీ, ఇన్సూరెన్స్ గడువు, ఫైనాన్స్ ఉందా లేదా చూడండి. అప్పు ఎప్పుడో తీరిపోయినా ఆర్‌సీ మీద బ్యాంకు పేరు అలాగే ఉండిపోయిన బండ్లు చాలా ఉంటాయి. అలా ఉంటే బ్యాంకు ఎన్‌ఓసీ, ఫారం 35తో ముందు ఆ పేరు తీయించమనండి. రెండు రాష్ట్రాల ఈ-చలాన్ సైట్లలోనూ బాకీలు చూడండి. పేరు మార్పుకి వాడే ఫారం 29, 30 మీద మీ ఎదురుగా సంతకాలు కావాలి. డబ్బు బ్యాంకు ద్వారానే పంపండి. బండి తీసుకున్న తేదీ, టైము, మీటరు రీడింగ్ రాసుకుని ఇద్దరూ సంతకం చేసుకోండి, ఆ క్షణం దాకా బండి మీద పడ్డ చలాన్లు ఆయనవి, తర్వాతివి మీవి. పేరు మార్పుకి ముప్ఫై రోజుల్లోగా దరఖాస్తు చేయాలి. ఇది ఆయనకీ అవసరమే. ఆర్‌సీలో పేరున్నవాడే ప్రమాదానికి పరిహారం బాధ్యుడని సుప్రీంకోర్టు 2018లో స్పష్టంగా చెప్పింది, కాబట్టి పేరు మార్చడానికి ఆయన కూడా మీతో ఆర్టీఓకి రావడానికి ఒప్పుకుంటారు.

ఇన్సూరెన్స్ విషయంలో ఎక్కువమంది మోసపోయేది ఫుల్ ఇన్సూరెన్స్ ఉందన్న మాట దగ్గర. పాలసీ కాగితం తెరిచి చూస్తే అవతలివారికి జరిగిన నష్టానికి మాత్రమే పనికొచ్చే థర్డ్ పార్టీ ఒక్కటే ఉండొచ్చు. ఉన్న పాలసీని పద్నాలుగు రోజుల్లోగా మీ పేరు మీదికి మార్పించుకోవాలి. మార్చుకోకుండా బండికి దెబ్బ తగిలితే మీ సొంత బండి రిపేరుకి క్లెయిమ్ రాకపోవచ్చు. క్లెయిమ్ చేయనందుకు ఇచ్చే నో క్లెయిమ్ బోనస్ మనిషిది, బండిది కాదు. అది పాత ఓనరుతోనే పోతుంది, ఆ తేడా మీరు కట్టాలి. ఐదేళ్లు క్లెయిమ్ లేనివారికి అది యాభై శాతం దాకా ఉంటుంది కాబట్టి చిన్న మొత్తం కాదు, ముందే లెక్కలో వేసుకోండి.

బేరానికి వస్తే, టైర్లు, క్లచ్, బ్యాటరీ వయసు చూపించి 2.80 దగ్గర మొదలుపెట్టండి. మెకానిక్ రాసిచ్చిన చీటీ చేతిలో పెట్టుకుని మాట్లాడితే ఆయన కూడా కాదనలేరు. 2.85, 2.90 మధ్య తేలితే మంచి ధరే. అప్పుడు మీ చేతిలో అరవై వేలు మిగులుతాయి. టైర్లకి, క్లచ్‌కి, పేరు మార్పుకి, ఇన్సూరెన్స్‌కి, మొదటి సర్వీసుకి ఆ డబ్బు కావాలి. ఉన్న మూడున్నర లక్షలూ బండికే పోసేసి టైర్లకి డబ్బులేక అవే అరిగిన టైర్లతో ఏడాది తిరిగేవాళ్లని చాలామందిని చూశాను. మీరు ఆ పరిస్థితి తెచ్చుకోవద్దు.

కొన్న వారంలోనే, పాత ఓనరు ఎప్పుడు చేయించారన్న దానితో పనిలేకుండా, ఇంజన్ ఆయిలు, ఆయిల్ ఫిల్టరు, ఎయిర్ ఫిల్టరు, కూలెంట్, బ్రేక్ ఆయిలు మార్పించండి. ఆ రోజు మీటరుని ఒక నోటుబుక్కులో రాయండి. ఇక్కడి నుంచి లెక్క మీది. ఈ మొదటి సర్వీసు షోరూములో చేయించడం మంచిది, బండిని ర్యాంపు మీద ఎత్తి కింద ఏముందో మొత్తం చూసి జాబితా ఇస్తారు. ఆ జాబితాలో అన్నీ ఒప్పుకోనక్కర్లేదు. బ్రేకులు, స్టీరింగ్, లీకులకి సంబంధించినవి వెంటనే చేయించండి. ఇంజన్ ఫ్లషింగ్, డీకార్బనైజింగ్, అండర్ కోటింగ్, ఏసీ క్లీనింగ్ ప్యాకేజీ లాంటివి మర్యాదగా వద్దనండి.

తర్వాత నమ్మకమైన బయటి మెకానిక్ చాలు. పదేళ్ల వ్యాగన్ ఆర్‌కి షోరూము కూలి రేట్లు భరించే అవసరం లేదు. రెండు షరతులు మాత్రం పెట్టుకోండి. బండితో వచ్చిన పుస్తకంలో రాసిన గ్రేడు ఆయిలే పోయాలి, షెడ్‌లో 20డబ్ల్యూ40 డబ్బా ఉందని అదే పోయనివ్వకండి, ఈ కె సిరీస్ ఇంజన్‌కి పల్చటి ఆయిలు కావాలి. రెండోది, పార్టులు మారుతి జెన్యూన్ షాపులో మీరే బిల్లుతో కొనిచ్చి, విప్పిన పాత పార్టు చేతిలోకి తీసుకోండి. పదివేల కిలోమీటర్లకో, ఏడాదికో, ఏది ముందొస్తే అప్పుడు ఆయిలు మార్చాలి. మీరు నెలకి ఐదు వందలే తిరుగుతారు కాబట్టి మీకు ఏడాది లెక్కే ముందొస్తుంది. ఈ ఇంజన్‌లో టైమింగ్ చైన్ ఉంటుంది, బెల్టు కాదు, కాబట్టి దాన్ని ఇన్నేళ్లకొకసారి మార్చాలన్న ఖర్చు లేదు. మీరు వేరే బండి వైపు వెళితే ఈ ప్రశ్న తప్పక అడగండి. ఉదాహరణకి డస్టర్ డీజిల్లో బెల్టు ఉంటుంది, అది తెగితే ఇంజన్ మొత్తం విప్పాల్సి వస్తుంది.

ఇథనాల్ గురించి మీరు విన్నదాంట్లో కొంత నిజం ఉంది. ఇప్పుడు బంకుల్లో పోసేది ఇరవై శాతం ఇథనాల్ కలిసిన ఈ20 పెట్రోలు. 2023 ఏప్రిల్ నుంచి వచ్చిన కార్లు దానికి తట్టుకునే విడిభాగాలతో వచ్చాయి, 2016 బండి రాలేదు. ఇథనాల్‌లో పెట్రోలు కంటే శక్తి తక్కువ కాబట్టి మైలేజీ కొద్దిగా పడిపోతుంది. పాత రబ్బరు గొట్టాలు, సీళ్లు కాలక్రమంలో గట్టిపడి పగిలే అవకాశం ఉంది. దీనికోసం బండి కొనడం మానుకోనక్కర్లేదు. సర్వీసు చేయించినప్పుడల్లా ట్యాంకు నుంచి ఇంజన్ దాకా పెట్రోలు గొట్టాలు చూడమనండి, ఏ కొంచెం చెమ్మ కనిపించినా మార్పించండి. కారులో పెట్రోలు వాసన వస్తే ఆ రోజే షెడ్డుకి తీసుకెళ్లండి. ఇథనాల్ గాలిలోని తేమను పీల్చుకుంటుంది, అందుకని వేసవి సెలవుల్లో నెలల తరబడి పాత పెట్రోలుతో బండిని మూల పడేయకండి. వారానికోసారైనా ఇరవై కిలోమీటర్లు తిప్పితే బ్యాటరీకీ మంచిది.

ఆదివారం ఏలూరు వెళ్లేటప్పుడు మెకానిక్‌ని, టార్చిని, తెల్ల గుడ్డని, అమ్మగారిని వెంటబెట్టుకెళ్లండి. మెకానిక్ రాసిచ్చిన జాబితా, ఆర్‌సీ మీద ఉన్న వివరాలు, సర్వీసు రికార్డులో మీటరు లెక్కలు నాకు రాసి పంపండి. వాటిలో ఏదైనా తేడాగా ఉంటే డబ్బు కట్టకముందే చెబుతాను.